పన్నెండు గంటల సాయంత్రం

డిటెక్టివ్ కళ్ళు మూసుకున్నాడంటే నిద్రపోతున్నాడనే లోకం అనుకుంటుంది. లోకం మాట ఎలా ఉన్నా, ఆయన బావమరిదికి మాత్రం అందులో రవ్వంత సందేహం లేదు. ఆ బావమరిది పోలీసు ఇన్‌స్పెక్టరు కావడమూ, అక్కమొగుడికి ‘కునుకు’ అని పేరు పెట్టి ఆ పేరుని ఊళ్ళో ఉన్న ప్రతి స్టేషనుకీ పంచిపెట్టడమూ డిటెక్టివ్ చేసుకున్న పుణ్యం. నిజానికి ఆయన కళ్ళు మూసుకునేది వినడానికి. మొహం ఆడినంత సులువుగా గొంతు అబద్ధం ఆడలేదని ఆయన నమ్మకం. వింటూ వింటూ ఒక్కోసారి నిజంగానే కునుకు పట్టేస్తుందన్నది ఇంట్లోవాళ్ళకి మాత్రమే తెలిసిన సంగతి.

ఆ రోజు పదకొండు దాటాక, కీటక పరిశోధనశాల డైరెక్టరు గదిలో, మెత్తటి కుర్చీలో ఆయన అలాగే కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఎదురుగా డైరెక్టరు మాట్లాడుతున్నాడు. కిటికీ పక్కన ఇన్‌స్పెక్టరు నిలబడి టోపీ అంచు తిప్పుకుంటున్నాడు. తలుపు దగ్గర బల్ల మీద ఒకావిడ ఒళ్ళో సంచీ గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆమెకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఆమె అక్క ఈ పరిశోధనశాలలోనే శాస్త్రవేత్త. ఆ అక్క నిన్న ఇంటికి రాలేదు.

కథ ఇన్‌స్పెక్టరుకి అరచేతిలో గీతలంత స్పష్టంగా ఉంది. ఊరి చివరి అడవిలో ఈ వారం పరాయి పెంకుపురుగులు దొరికాయి. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన జాతి. చెట్టు బెరడు కింద చేరి, బయటికి ఏమీ కనిపించకుండా లోపలంతా తొలిచేస్తుంది. పచ్చగా నిలబడ్డ చెట్టు ఒకరోజు ఉన్నట్టుండి పడిపోతుంది. దాంతోపాటే దాని తొర్రలో పిట్ట, ఆకు మీద గొంగళి, వేరు కింద చీమ, అన్నీ ఇల్లు ఖాళీ చేస్తాయి. ఈ జాతిని చదవడానికని శాస్త్రవేత్త తన గదిలో కొన్నిటిని పెంచుతోంది. ఒకటి తప్పించుకున్నా గుర్తుపట్టేలా ప్రతిదాని వీపు మీదా తెల్ల చుక్క పెడుతుంది. అడవిలో దొరికిన వాటికి తెల్ల చుక్క ఉంది. ఆవిడ కనిపించడం లేదు. వదిలింది, భయపడింది, పారిపోయింది. కేసు అయిపోయినట్టే.

“మా అక్క చీమల బారు కనిపిస్తే చుట్టు తిరిగి నడుస్తుందండీ,” అంది చెల్లెలు పొద్దున్నే డిటెక్టివ్ ఇంటికొచ్చి. “తప్పు చేస్తే ఒప్పుకుంటుంది గానీ పారిపోదు. మా అక్కకేదో అయింది. బతికుండగా వెతికిపెట్టండి, చాలు.”

ఆమె ఏడవలేదు. ఏడిస్తే డిటెక్టివ్ ఇంకో కప్పు కాఫీ తాగి ఓదార్చి పంపేవాడేమో. ఏడవకుండా గుమ్మంలో నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయింది. అది చూసి ఆయన చెప్పులు వేసుకున్నాడు.

డైరెక్టరు గొంతు మెత్తనిది, ఏకిన ఉన్నిలా. మధ్యమధ్య తుమ్ముతున్నాడు. జలుబు చేసిందని అప్పటికే రెండుసార్లు క్షమాపణ అడిగాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. శాస్త్రవేత్త గురించి చాలా మంచిమాటలు చెప్పాడు. అన్నీ పోయినవాళ్ళ గురించి చెప్పే మాటల్లాగే ఉన్నాయి. చివరిసారి ఎప్పుడు చూశారని డిటెక్టివ్ అడిగాడు.

“నిన్న సాయంత్రం ఆరున్నరకి. బయటికి వెళుతూ ఆ గది కిటికీ దగ్గర ఆగాను. మసక వెలుతుర్లో కూర్చుని ఉంది. పురుగులన్నీ లేచి వలకేసి కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి చెయ్యి ఊపింది, చేతిలో టీ కప్పు ఉంది. అదే ఆఖరు చూడటం. అక్కణ్ణించి నేను అధికారుల విందుకి వెళ్ళిపోయాను. పొద్దుపోయేదాకా అక్కడే ఉన్నాను, అడగండి ఎవర్నైనా.”

డిటెక్టివ్ మూసిన కళ్ళ వెనక ఆ బొమ్మ నిలిచింది. మసక వెలుతురు, వలకి తగిలే రెక్కలు, గాజు అవతల ఊగిన చెయ్యి. విచిత్రమేమిటంటే ఆ గొంతులో అబద్ధం జాడ లేదు. ఇది కల్పించి చెప్పిన మాట కాదు, కళ్ళారా చూసినవాడు చెప్పిన మాట. అది ఆయనకి నచ్చలేదు. అనుమానించాలని కూర్చున్న మనిషి నిజం చెబుతుంటే చేతిలో తాడు జారిపోయినట్టు ఉంటుంది.

“లోపలికి వెళ్ళి పలకరించలేదా?” అన్నాడు.

“నాకక్కడ పనేముంటుంది? అది ఆవిడ రాజ్యం,” అని డైరెక్టరు మళ్ళీ తుమ్మాడు.

ఇన్‌స్పెక్టరు ఇక ఆగలేకపోయాడు. ఒంటిగంటకి ఆ గదిలోని పురుగుల్నీ, అవి పట్టిన దుంగల్నీ గ్యాస్ షెడ్డులో పెట్టి చంపేస్తున్నామనీ, ఉత్తర్వు వచ్చేసిందనీ, అడవికి మందు కొట్టే బండ్లతో తన మనుషులందరూ అప్పుడే బయల్దేరారనీ చెప్పాడు. అడవిలో అంగుళం కూడా వదలరట. పారిపోయినావిడ సంగతి తర్వాత చూసుకుంటారట.

“అంతదాకా నువ్వు ఎక్కడైనా నడుం వాల్చు బావా. ఒంటిగంటకి నేనే లేపుతాను.”

డిటెక్టివ్ కళ్ళు తెరిచి, ఒంటిగంట దాకా ఆ గదేదో ఒకసారి చూసొస్తానన్నాడు. అక్కడ పరుపుంటే మరీ మంచిదన్నాడు. చెల్లెలు కూడా లేచింది.

* * *

శాస్త్రవేత్త గది భవనానికి చివర, పొడవాటి నడవా దాటాక ఉంది. నడవా వైపు గోడకి ఒక పెద్ద గాజు కిటికీ. లోపల వాళ్ళకి ఎదురొచ్చింది శాస్త్రవేత్తతో కలిసి పనిచేసే ఆవిడ. ఆమె చదువు కందిరీగల మీద. నోరు కూడా అదే జాతిది కావడంతో అక్కడ అందరూ ఆమెని కందిరీగ అనే పిలుస్తారు. ఆమెకీ అభ్యంతరం లేదు. ఇప్పుడు మాత్రం ఆ నోటికి ఎవర్నీ కుట్టే ఓపిక లేదు. చంపడానికి తీసుకుపోయే వల పెట్టెలకి తనే తాళ్ళు కడుతోంది.

“చుక్క ఉందన్నారుగా, ఇంకేం చెప్పను?” అంది. “మా వేలితో మా కన్నే పొడుచుకున్నాం. తప్పించుకుంటే తెలియాలని చుక్క పెట్టాం. తెలిసింది.”

ఆ చుక్కల పురుగుల్ని చూశారా అని డిటెక్టివ్ అడిగాడు. చూడలేదట. ఇన్‌స్పెక్టరు వాటిని సీసాలో పెట్టి సీలు వేసి జేబులో దాచుకున్నాడు. అడిగితే సాక్ష్యం అన్నాడు.

గది చల్లగా ఉంది. తడిమట్టి వాసన, కోసిన చెక్క వాసన కలిసి వస్తున్నాయి. బల్లల మీద వల పెట్టెలు వరుసగా ఉన్నాయి. పైన దీపాలు తెల్లగా పట్టపగల్లా వెలుగుతున్నాయి. డిటెక్టివ్ ఒక పెట్టెలోకి తొంగి చూశాడు. మట్టి, కొమ్మముక్కలు తప్ప ఏమీ లేవు. ఈ మాత్రానికా ఊరంతా అట్టుడికిపోతోంది అనుకున్నాడు.

అప్పుడు, ఎవరూ ఏ మీటా నొక్కకుండానే, పైనున్న దీపాలు రంగు మారడం మొదలుపెట్టాయి. తెలుపు లేత పసుపైంది. పసుపు ముదిరి నారింజకి దిగింది. బల్లల నీడలు మెత్తబడ్డాయి. ఆ వెలుతురు తగ్గుతున్నకొద్దీ మట్టిలో ఏదో కదిలింది. ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత లెక్కలేనన్ని. ముదురు గోధుమరంగు పెంకులు మట్టిని తోసుకుని పైకి వచ్చాయి, కొమ్మ చివరికి పాకాయి, రెక్కలు విప్పాయి. వలకి తగిలే రెక్కల చప్పుడుతో గది నిండిపోయింది. సన్నటి వాన మొదలైనప్పటి చప్పుడది.

డిటెక్టివ్ అలాగే నిలబడిపోయాడు. చిన్నప్పుడు ఒకసారి మధ్యాహ్నం నిద్రపోయి సాయంత్రం లేచి, తెల్లవారిందనుకుని బడికి సంచీ సర్దుకున్నాడు. ఇల్లంతా నవ్వింది. ఆ రోజంతా తను ఏ పొద్దులో ఉన్నాడో తెలియలేదు. ఇప్పుడూ అంతే. బయట ఎండ మండిపోతోందని తెలుసు, అయినా ఇంటికి వెళ్ళే వేళైందని కాళ్ళు చెబుతున్నాయి. ఎవరో పిలుస్తారనీ, దీపం పెట్టాలనీ అనిపించింది. ఆ హాయికి నిజంగానే కళ్ళు మూతలు పడ్డాయి.

“ఇదేమిటండీ?” అంది చెల్లెలు గుసగుసగా.

“మీ అక్క పెట్టిన సాయంత్రం,” అంది కందిరీగ. “ఈ పురుగులు మునిమాపు వేళే లేస్తాయి. కాసేపు ఎగురుతాయి, జతకడతాయి, మళ్ళీ మట్టిలో పడుకుంటాయి. ఆ వేళకి మేం ఇళ్ళకి పోవాలి కదా? అందుకని వీటి పొద్దుని ఆరు గంటలు ముందుకి జరిపాం. బయట పన్నెండయితే ఇక్కడ సాయంత్రం ఆరు.”

డిటెక్టివ్ కళ్ళు తెరవలేదు. “బయట సాయంత్రం ఆరున్నర అయితే?”

“ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. చిటికెడు వెలుతురు ఉండదు. పురుగు కదలదు.”

రెక్కల వాన కురుస్తూనే ఉంది. చెల్లెలు కళ్ళద్దాల మీద నారింజ దీపాలు రెండు మెరుస్తున్నాయి. ఆమెకీ అర్థమైంది. డిటెక్టివ్ చెయ్యెత్తి ఆగమని సైగ చేశాడు. చేతికి దొరికిన దారాన్ని మెల్లగా లాగాలి, తెంపకూడదు.

మీ డైరెక్టరు ఈ గదికి ఎప్పుడెప్పుడు వస్తారని అడిగాడు. ఎవరైనా పెద్దమనుషులు చూడటానికొస్తే తీసుకొస్తారంది కందిరీగ. అదీ గాజు కిటికీ దాకానే. పురుగుల రెక్కల పొడి ఆయనకి పడదు. ఒకసారి పొరపాటున లోపలికొస్తే మూడు రోజులు కళ్ళు ఉబ్బి, తుమ్ములతో మంచాన పడ్డారు. కీటకాల సంస్థకి పెద్దగా ఉండి కీటకం గిట్టకపోవడమేమిటని తాము చాటుగా నవ్వుకునేవాళ్ళట. వచ్చిన పెద్దమనుషులకి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కాబట్టి శాస్త్రవేత్త వాళ్ళని ఎప్పుడూ పన్నెండుకే రమ్మనేది.

అంటే ఆయన ఎప్పుడొచ్చినా ఇక్కడ సాయంత్రమే. ఈ గదిలో రోజంతా ఈ మసక వెలుతురే ఉంటుందని ఆయన అనుకున్నాడంటే తప్పేముంది? డిటెక్టివ్‌కి ఇప్పుడు ఆ గొంతు ఎందుకు నిజంగా వినిపించిందో తెలిసింది. డైరెక్టరు చూసింది చూసినట్టే చెప్పాడు. వేళ ఒక్కటే మార్చాడు. ఆయన ఆమెను చూసింది సాయంత్రం కాదు, నిన్న మధ్యాహ్నం.

* * *

నడవాలో బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చి, ఆ మసకలో బావగారు కళ్ళు మూసుకుని నిలబడి ఉండటం చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు.

“గుర్రాలు నిలబడి నిద్రపోతాయని విన్నాను. ఇదే చూడటం,” అన్నాడు చివరికి. ఒక పురుగు వల మీంచి తన వైపు ఎగరబోతే అడుగు వెనక్కి వేశాడు. పురుగులంటే ఆయనకి ప్రాణసంకటం. పెళ్ళిలో బొద్దింకని చూసి బల్లెక్కిన కథ డిటెక్టివ్ దగ్గర భద్రంగా ఉంది. అవసరానికి వాడుకుంటాడు.

“నీ సాక్ష్యం ఒకసారి చూపించవోయ్.”

“సీలు వేశాను.”

“సీలు తియ్యమనలేదు. సీసా గాజుదే కదా?”

ఇన్‌స్పెక్టరు కాసేపు బిగుసుకున్నాడు. ఆఖరికి, చూస్తే తన మాటే గట్టిపడుతుందన్న ధైర్యంతో సీసా తీసి బల్ల మీద పెట్టాడు. లోపల తడి దూది, చిన్న బెరడు ముక్క, మూడు పురుగులు. చెల్లెలు మెడలో వేలాడే భూతద్దం తీసి ఇచ్చింది. కందిరీగ టార్చి వెలిగించింది. అంతలో ఆమె మొహం మారిపోయింది.

“మూడింటికీ చుక్క కుడిరెక్క మీదే ఉంది,” అంది.

“ఉంటే?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె విడమరిచి చెప్పింది. ఈ జాతిలో ఆడా మగా చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. తిప్పి, అద్దం పెట్టి పొట్ట చూస్తే తప్ప తెలియదు. అస్తమానం తిప్పలేక శాస్త్రవేత్త ఒక పద్ధతి పెట్టుకుంది. మగదానికి కుడిరెక్క మీద చుక్క, ఆడదానికి ఎడమరెక్క మీద. మగవాటి పెట్టెలు గాజు కిటికీ వైపు బల్ల మీద ఉంటాయి, ఆడవాటివి లోపలి గోడ దగ్గర.

“అయితే దొరికిన మూడూ మగవి. బాగానే ఉంది కదా!” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివ్ భూతద్దం బెరడు ముక్క మీద ఆపాడు. ఆపి, బావమరిదిని దగ్గరికి రమ్మన్నాడు. బెరడు నెర్రెలో, అద్దం లేకపోతే దుమ్మనుకునేంత చిన్నవి, తెల్లగా, ఒకదాని పక్కన ఒకటి అంటించినట్టున్నాయి.

“ఏమిటవి?”

“గుడ్లు,” అన్నాడు డిటెక్టివ్. “ఇంకా తడారలేదు, నీ జేబులోనే పెట్టింది. వేడిగా ఉందేమో, సుఖప్రసవం. మూడు మగ పురుగుల్ని సీలు వేసి జేబులో పెట్టుకుంటే గుడ్లు ఎవరు పెట్టారోయ్? నువ్వా?”

ఆ మాటకి కందిరీగ నవ్వబోయి ఏడ్చింది. ఆమె ఈ వారమంతా తమ పురుగులే అడవిని తింటున్నాయని నమ్మి లోలోపల కుమిలిపోయింది. ఇవి తమవి కావు. ఎవరో ఎక్కణ్ణించో తెచ్చిన పురుగులకి తెల్లరంగు పూశారు. పూసినవాడికి చుక్క సంగతి తెలుసు, పక్క సంగతి తెలియదు. గాజు కిటికీలోంచి కుడి చుక్కల్ని మాత్రమే చూసినవాడు పూసిన చుక్కలవి.

ఇన్‌స్పెక్టరు సీసాని టార్చి వెలుతుర్లో తిప్పి తిప్పి చూశాడు. మంచి పోలీసే, తప్పైతే ఒప్పుకోవడానికి టైము పడుతుంది, అంతే. “ఎందుకు?” అన్నాడు, ఈసారి వెటకారం లేకుండా.

దానికి జవాబు కందిరీగ దగ్గరుంది. సముద్రం మీంచి వచ్చే చెక్కపెట్టెలన్నీ బయటికి పోకముందు ఇక్కడి షెడ్డులో గ్యాస్ పట్టించాలి. పట్టించామని డైరెక్టరు ముద్ర వేస్తాడు. కొంతకాలంగా పెట్టెలు ముద్రతో పోతున్నాయి గానీ గ్యాస్ లేకుండా పోతున్నాయని శాస్త్రవేత్తకి అనుమానం. అడవిలో పురుగు కనబడ్డ చెట్లన్నీ ఆ పెట్టెల లారీలు ఆగే దారి వెంటే ఉన్నాయి. నిన్న పొద్దున ఆ మాట డైరెక్టర్నే అడుగుతానని చెప్పింది. తను చెప్పేది విని ఆయన సరిదిద్దుకుంటాడని ఆమె నమ్మకం. కంచే చేను మేస్తుందని అనుకోలేదు.

“నిన్న పన్నెండుకి మీరెక్కడున్నారు?” అన్నాడు డిటెక్టివ్.

పదకొండున్నరకి డైరెక్టరే ఆమెని ఏదో పని మీద అటవీ కార్యాలయానికి పంపాడు. తిరిగొచ్చేసరికి చీకటి పడింది. గదిలోనూ చీకటే. శాస్త్రవేత్త ఇంటికెళ్ళిపోయిందనుకుంది. పురుగు పట్టిన దుంగల పెట్టెలు మాత్రం లేవు. మధ్యాహ్నమే డైరెక్టరు దగ్గరుండి వాటికి మూతలు బిగించి గ్యాస్ షెడ్డుకి పంపించాడని తర్వాత తెలిసింది. ఉత్తర్వు కదా, త్వరపడ్డాడనుకుంది.

“దగ్గరుండి,” అన్నాడు డిటెక్టివ్. “పొడి పడనాయన.”

ఎర్రబడ్డ కళ్ళు, ఆగని తుమ్ములు. జలుబుట. ఆ దుంగల పెట్టెలు ఎంత పెద్దవని డిటెక్టివ్ అడగబోయాడు. అడగనక్కర్లేకపోయింది. కందిరీగ అప్పటికే రెండు చేతులూ చాచి చూపిస్తోంది, మనిషి పడుకునేంత. చూపిస్తూ చూపిస్తూ చేతులు అలాగే ఆగిపోయాయి.

చెల్లెలు పెరటి వైపు కిటికీకి కప్పిన నల్లతెరని పక్కకి లాగింది. అవతల ఎండలో గ్యాస్ షెడ్డు కనిపిస్తోంది. దాని తలుపు మీద, గ్యాస్ వదలబోతున్నారని చెప్పే ఎర్రదీపం వెలుగుతోంది.

“ఇంకా ఒంటిగంట కాలేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ మాట అంటూనే పరిగెత్తాడు.

* * *

పరుగు డిటెక్టివ్ ఒంటికి అలవాటు లేని పని. నడవా కలలో నడవాలా సాగిపోతూనే ఉంది. కాళ్ళు వేస్తున్నా గోడలు కదలనట్టు అనిపించింది. పక్కనుంచి చెల్లెలు దాటిపోయింది, చెప్పులు వదిలేసి. కందిరీగ మాత్రం వెనక ఆగింది. పురుగులు లేచి ఉన్న గదికి తాళం వెయ్యకుండా కదలడం ఆ చేతులకి చేతకాలేదు.

ఆయన ఎండలోకి వచ్చేసరికి షెడ్డు ముందు ఇన్‌స్పెక్టరు గ్యాస్ మేస్త్రీ మణికట్టు పట్టుకుని ఉన్నాడు. మేస్త్రీ ముసుగు నుదుటి మీదికి తోసుకుని బిత్తరపోయి చూస్తున్నాడు. సిలిండరు మీటకి అతని చెయ్యి జానెడు దూరంలో ఉంది. ముందే కానిచ్చెయ్యమని డైరెక్టరుగారు ఇప్పుడే కబురు పంపారన్నాడు. నిన్న పెట్టెలు తోసుకొచ్చింది తనేననీ, ఒకటి బరువుగా ఉందంటే తడిదుంగ అన్నారనీ చెప్పాడు.

తలుపు సందులకి అంటించిన పట్టీలు ఇన్‌స్పెక్టరు గోళ్ళతో పీకేశాడు. గడియ తీసి లోపలికి దూకాడు. మూడో పెట్టె కొక్కెం తీసింది చెల్లెలు.

శాస్త్రవేత్త రెండు దుంగల మధ్య పక్కకి తిరిగి పడుకుని ఉంది. జుట్టు నిండా చెక్కపొట్టు. పెదవులు పగిలి ఉన్నాయి. చెల్లెలు భూతద్దం తీసి అక్క ముక్కు కింద పెట్టింది. అద్దం మీద సన్నగా ఆవిరి పట్టింది. అది చూసి, పొద్దున్నించీ ఏడవని మనిషి, “అక్కా, అక్కా” అంటూ అక్క తలని ఒళ్ళోకి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇలాంటివి డిటెక్టివ్ చాలా చూశాడు. ఇంత సంతోషంగా ముగిసినవి మాత్రం తక్కువ.

“డాక్టర్ని పిలిపించు. పరిగెత్తు, ఎక్కడ ఫోనుంటే అక్కణ్ణించి,” అని ఇన్‌స్పెక్టరు కేకవేశాడు. మేస్త్రీ పరిగెత్తాడు.

పెట్టెలోంచి పురుగులు లేస్తున్నాయి. వాటికిది సాయంత్రం. ఒకటి రెండుగా మొదలై, మెల్లగా, తొందర లేకుండా, తలుపులోంచి పడుతున్న ఎండపట్టీలో తేలుతూ గుమ్మం వైపు సాగాయి. ఆ వెలుగులో వాటి పెంకులు ఎర్రగా, అందంగా ఉన్నాయి. అంత అందమైనది అడవి కూల్చడానికి పుట్టిందంటే నమ్మబుద్ధి కాదు.

శాస్త్రవేత్త కళ్ళు విచ్చుకున్నాయి. చెల్లెల్ని చూశాయి, గుర్తుపట్టాయి. తర్వాత గుమ్మాన్ని చూశాయి.

“తలుపు,” అంది. మాట సరిగ్గా రాలేదు. చెయ్యెత్తి చూపించబోయింది, చెయ్యి లేవలేదు. “తలుపు వెయ్యండి. పోతాయి.”

ఊరంతా వేలెత్తి చూపించిన మనిషి. పెట్టెలో ఒక పగలూ ఒక రాత్రీ చావుకి ఎదురుచూసిన మనిషి. నోరు తెరిచి మొదట అడిగింది నీళ్ళు కాదు. ఇన్‌స్పెక్టరు ఆమె మొహం వంక చూసి తల దించుకున్నాడు. వెళ్ళి, గాల్లో పురుగుల్ని టోపీతో లోపలికి తోలుతూ, తలుపు లోపలినుంచి లాగి మూశాడు. చీకట్లో ఒకటి ఆయన మెడ మీద వాలింది. దులుపుకోలేదు.

“అడవికి మందు కొట్టొద్దు,” అంది ఆమె చీకట్లోంచి. “మన చిన్న కందిరీగలు ఈ పురుగు పిల్లల్లో గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. నిన్ననే చూశాను. అవే చూసుకుంటాయి, కాస్త టైమివ్వాలి. మందు కొడితే ముందు పోయేది అవే. ఆయనకి చెప్పాను. నవ్వి, టీ తాగమన్నాడు. తాగాక ఏమైందో తెలియదు.”

బండ్లని ఆపిస్తానని ఇన్‌స్పెక్టరు మాటిచ్చాడు. మేస్త్రీ వచ్చాక తనే వెళ్ళి ఫోను చేస్తానన్నాడు.

ఆ మాటకి డిటెక్టివ్ చటుక్కున తలుపు వైపు తిరిగాడు. ఫోను. ఈ ఆవరణలో ఆయన పొద్దున్నించీ చూసిన ఫోను ఒక్కటే, డైరెక్టరు బల్ల మీద ఉంది. మేస్త్రీ పరిగెత్తింది అక్కడికే. ఆమె బతికుందని ఎవరికి తెలియకూడదో, ఆ మనిషికే రొప్పుతూ చెప్పి ఉంటాడు.

“తలుపు తియ్యి,” అన్నాడు.

ఇన్‌స్పెక్టరు తోశాడు. అంతకు ఒక్క క్షణం ముందు బయట ఇనుప గడియ పడింది. భుజంతో గుద్దాడు. గ్యాస్ బయటికి పోకుండా కట్టిన తలుపు, మనిషి భుజానికి కదులుతుందా? బయట అడుగుల చప్పుడు తాపీగా గోడ వెంట నడిచి సిలిండరు దగ్గర ఆగింది. గోడలోని గొట్టం సన్నగా అదిరింది.

డిటెక్టివ్ కోటు విప్పి, తడుముకుంటూ వెళ్ళి, గొట్టం మూతిలో కుక్కి వీపు ఆనించి కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు తన కోటు కూడా అందించాడు. కందిరీగ తాళం వేసి ఈపాటికి నడవా దాటి ఉండాలి. లేదా ఆమెకి దారిలో డైరెక్టరు ఎదురై ఉండాలి. రెండోది డిటెక్టివ్ పైకి అనలేదు.

చీకట్లో చెల్లెలు వెక్కిళ్ళు ఆగడం లేదు. పెట్టెలోంచి అక్క చెయ్యి మెల్లగా వెతుక్కుంటూ వచ్చి ఆమె చెంప మీద ఆగింది.

“ఏడవకే,” అంది, చిన్నప్పుడు పక్కలో ఒదిగినప్పుడు చెప్పినట్టు. “ఏడిస్తే గాలి త్వరగా అయిపోతుంది.”